మొదటి స్ప్రింట్ ట్రయాథ్లాన్: పది వారాల్లో ఏం చేయాలి, ఎక్కడ దెబ్బతింటారు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వయసు 34, ఉండేది హైదరాబాద్. పది కిలోమీటర్లు 62 నిమిషాల్లో పరుగెత్తుతారు. 25 మీటర్ల పూల్‌లో ఆగకుండా 200 మీటర్లు ఈదగలరు, ఆ పైన ఆయాసం. ఇంట్లో హైబ్రిడ్ సైకిల్ ఉంది. పది వారాల్లో జరిగే స్ప్రింట్ ట్రయాథ్లాన్‌కి పేరిచ్చారు, ఈత జలాశయంలో. పూర్తి చేయగలనా, రోడ్ బైక్ (రేసు సైకిల్) కొనాలా, సైకిల్ దిగాక కాళ్లు మాట వింటాయా అన్నవి మీ సందేహాలు.

పూర్తి చేయగలరు. ముందు లెక్క చూడండి. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో జరుగుతున్న దూరానికి ఇది సరిగ్గా సగం. వంద మీటర్లకు రెండున్నర నిమిషాల చొప్పున ఈత దాదాపు 19 నిమిషాలు. బట్టలూ బూట్లూ మార్చుకునే మొదటి విరామం, అంటే టీ1, 3 నిమిషాలు. గంటకు 23 కిలోమీటర్ల వేగంతో సైకిల్ 52 నిమిషాలు. సైకిల్ దిగి పరుగుకి మారే రెండో విరామం, అంటే టీ2, నిమిషంన్నర. అలసిన కాళ్లతో పరుగు 32 లేదా 33 నిమిషాలు. అంతా కలిపితే గంటా యాభై నిమిషాల లోపే. మీ రేసు కటాఫ్‌లు (ఆ లోపు పూర్తి చేయకపోతే పోటీ నుంచి ఆపేసే సమయ హద్దులు), ముఖ్యంగా ఈత కటాఫ్ ఎంతో, ఇవాళే చూసుకోండి.

పేరులో స్ప్రింట్ అని ఉందని మోసపోవద్దు. ఇది దాదాపు రెండు గంటల పని. మొదటిసారి వచ్చేవాళ్లు దెబ్బతినేది చాలావరకు ఒకదాని నుంచి ఇంకోదానికి మారే చోట్లలో: ఒడ్డు మీంచి నీళ్లలోకి, నీళ్లలోంచి సైకిల్ మీదికి, సైకిల్ మీంచి నేల మీదికి. మూడూ విడివిడిగా బాగా చేసేవాళ్లు కూడా అక్కడే తడబడతారు. కాబట్టి మీ పది వారాల్లో ఆ మూడు మలుపులకూ విడిగా సాధన ఉండాలి.

ఈతతో మొదలుపెడదాం, మీకు ఎక్కువ పని ఉన్నది అక్కడే. పది కిలోమీటర్లు పరుగెత్తే మనిషికి 200 మీటర్లకే ఆయాసం వస్తోందంటే గుండె, ఊపిరితిత్తుల లోపం అయ్యే అవకాశం తక్కువ. సాధారణంగా కారణాలు రెండు. ఒకటి, ముఖం నీళ్లలో ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టడం. తల పక్కకు తిప్పిన ఆ అర సెకనులోనే గాలి వదలాలి, పీల్చాలి కూడా అనుకుంటారు. రెండూ సగం సగం జరుగుతాయి, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఊపిరాడట్లేదన్న భయం పుడుతుంది. నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. అప్పుడు తల తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే మిగులుతుంది. రెండో కారణం, తల పైకెత్తి ముందుకు చూస్తూ ఈదడం. తల లేస్తే నడుము, కాళ్లు మునుగుతాయి. వాటిని పైకి తేవడానికి మోకాళ్ల నుంచి బలంగా తన్నుతారు, తొడలు ఆక్సిజన్‌ని తాగేస్తాయి. చూపు నేరుగా పూల్ అడుగు మీద పెట్టండి, కాళ్లు మెల్లగా ఆడించండి. ఆ కాళ్లు తర్వాత సైకిల్‌కీ పరుగుకీ కావాలి.

వారానికి మూడు రోజులు పూల్‌కి వెళ్లండి. ప్రతిసారీ 200 మీటర్లు నిదానంగా ఒళ్లు వేడెక్కించాక అసలు పని మొదలు. మొదటి రెండు వారాలు 50 మీటర్లు పన్నెండుసార్లు, మధ్యలో 20 నుంచి 30 సెకన్ల విశ్రాంతి. పన్నెండోది మొదటిదానంత సమయంలోనే రావాలి. రాకపోతే మొదటివి మరీ వేగంగా ఈదారన్నమాట. మూడు, నాలుగు వారాల్లో 100 మీటర్లు ఎనిమిదిసార్లు. ఐదు, ఆరులో 200 నాలుగుసార్లు. ఏడో వారం 400 రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి. ఎనిమిదో వారం 750 ఆగకుండా, తొమ్మిదో వారం 900 నుంచి 1,000 వరకు. 25 మీటర్ల పూల్‌లో 750 అంటే 30 ల్యాపులు. మధ్యలో లెక్క తప్పుతుంది కాబట్టి పదేసి చొప్పున మూడు కట్టలుగా లెక్కపెట్టుకోండి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పూల్‌లో ప్రతి మలుపులోనూ గోడను తన్ని నాలుగు మీటర్లు ఊరికే జారిపోతాం. 30 ల్యాపుల్లో 29 మలుపులు, అంటే నూరు మీటర్లకు పైగా ఈదకుండానే వచ్చేస్తుంది. పైగా ప్రతి మలుపులో ఒక క్షణం విశ్రాంతి కూడా. జలాశయంలో గోడ ఉండదు. అందుకే ఆరో వారం నుంచి వారంలో ఒకరోజు గోడకు రెండు మీటర్ల ముందే, దాన్ని ముట్టుకోకుండా తిరిగిపోండి. మొదట్లో నరకంలా ఉంటుంది, మూడోసారికి అలవాటవుతుంది.

జలాశయంలో రెండో ఇబ్బంది దిక్కు. నీళ్లు మట్టిరంగులో ఉంటాయి, మీ చెయ్యి మీకే కనబడదు, అడుగున నల్లగీత ఉండదు. ప్రతి ఆరు నుంచి ఎనిమిది బారలకు (చెయ్యి ఒకసారి వేస్తే ఒక బార) ఒకసారి కళ్లు మాత్రమే నీటిపైకి వచ్చేలా, మొసలి చూసినట్టు, ముందుకు చూసి బోయా, అంటే దారి చూపడానికి నీటిపై తేలే గుర్తు, ఎక్కడుందో పట్టుకోవాలి. వెంటనే తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవాలి. చూడటం, పీల్చడం రెండూ తల ఎత్తే చేయబోతే నడుము మునుగుతుంది. పూల్ గట్టు మీద రంగు సీసా ఒకటి పెట్టి దాన్ని వెతుకుతూ సాధన చేయండి. లేన్ ఖాళీగా ఉన్నప్పుడు కళ్లు మూసుకుని ఎనిమిది బారలు ఈదితే మీరు ఏ పక్కకు లాగుతున్నారో తెలుస్తుంది. దాదాపు అందరూ ఏదో ఒక పక్కకు లాగుతారు.

రేసుకు ముందు కనీసం రెండుసార్లు బయటి నీళ్లలో ఈదితీరాలి, అదీ కయాక్‌తో (చిన్న తెడ్డు పడవతో) కాపలా ఉండే బృందంతోనే. నారింజరంగు బోయా నడుముకు కట్టుకోండి. ఒంటరిగా ఎక్కడా దిగకండి. హైదరాబాద్ నగరంలోని చెరువులు మురుగు కలిసినవి, ఈతకు పనికిరావు. విశాఖ ఆర్‌కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, పూల్ ఈత వచ్చినవాళ్లకూ అది సాధన చేసే చోటు కాదు. వాన పడ్డ తర్వాత రెండు మూడు రోజులు ఏ చెరువైనా వదిలేయండి, కాలవల్లోని మురికంతా అందులోకే చేరుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల ట్రయాథ్లాన్ జులై 30 నుంచి 31కి వాయిదా పడింది కూడా వానల తర్వాత సేన్ నది నీళ్లు బాగోలేకపోవడం వల్లే.

ఇక రేసు రోజు మొదటి 200 మీటర్లు. మొత్తం పోటీలో అసలు ప్రమాదం ఉన్న చోటు ఇదే. హారన్ మోగగానే అందరితోపాటు పోటీపడి ఈదుతారు, ఎవరి కాలో ముఖానికి తగులుతుంది, ఒక గుక్క నీళ్లు మింగుతారు, ఊపిరి లయ తప్పుతుంది, ఛాతీ బిగుసుకుంటుంది. పూల్‌లో కిలోమీటరు ఈదినవాళ్లకీ ఇది జరుగుతుంది. రాకుండా చూసుకోవాలంటే: అనుమతిస్తే పది నిమిషాల ముందే నీళ్లలో దిగి, ముఖం ముంచి బుడగలు వదిలి, వంద మీటర్లు నిదానంగా ఈదండి. గుంపులో వెనక, ఓ చివరన నిలబడండి. హారన్ తర్వాత పది సెకన్లు ఆగి కదలండి. ఆ పది సెకన్లు కోల్పోవడం వల్ల మీకు నష్టమేమీ లేదు. గాగుల్స్ పట్టీ టోపీ లోపల ఉండేలా పెట్టుకుంటే ఎవరి చెయ్యి తగిలినా ఊడిపోదు.

అయినా భయం వచ్చిందనుకోండి. వెంటనే వెల్లకిలా తిరగండి, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చండి, పది ఊపిర్లు లెక్కపెట్టండి. పీల్చడం మీద కాదు, పొడవుగా వదలడం మీదే ధ్యాస పెట్టండి. తర్వాత బ్రెస్ట్‌స్ట్రోక్‌తో యాభై మీటర్లు, ఆపైన ఫ్రీస్టైల్. ఏ స్ట్రోక్‌తో ఈదినా నియమాలు ఒప్పుకుంటాయి. కయాక్‌నో బోయానో పట్టుకుని ఆగడానికీ సాధారణంగా అభ్యంతరం ఉండదు, దాని సాయంతో ముందుకు జరగకూడదు, అంతే. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలు ఆయాసం కాని ఊపిరాడకపోవడం ఉంటే చెయ్యి పైకెత్తి సాయం పిలవండి. ట్రయాథ్లాన్‌లలో జరిగిన ఆకస్మిక మరణాల్లో ఎక్కువ భాగం ఈతలోనే జరిగాయి. కాబట్టి ఇంట్లో చిన్నవయసులో గుండెపోటు వచ్చినవాళ్లుంటే, పరుగులో ఎప్పుడైనా కళ్లు బైర్లు కమ్మితే, ఈ వారమే డాక్టరును కలిసి ఈసీజీ తీయించుకోండి. రేసుకు ముందు వారంలో జ్వరం వస్తే, తగ్గినా సరే, పోటీ మానుకోండి. వైరల్ జ్వరం తర్వాత గుండె కండరం వాచి ఉండవచ్చు, బయటికేమీ తెలియదు. రేసులు మళ్లీ వస్తాయి.

టీ1 సంగతి. నీళ్లలోంచి లేవగానే తల తిరిగినట్టు ఉంటుంది, అడ్డంగా ఉన్న ఒళ్లు ఒక్కసారి నిలువవుతుంది కాబట్టి. చివరి ముప్ఫై మీటర్లలో కాళ్లు కాస్త గట్టిగా ఆడించండి, లేచాక పది అడుగులు నడిచి ఆపైన పరుగెత్తండి. ఉదయం సైకిల్ స్టాండులో పెట్టాక, నీళ్లలోంచి వచ్చే దారి మీంచి ఒకసారి నడిచి వరుసలు లెక్కపెట్టుకోండి: ఎన్నో వరుస, ఎడమా కుడా, ఎదురుగా ఏ చెట్టు. పక్కనున్న ఎర్ర సైకిల్‌ని గుర్తు పెట్టుకోకండి, మీరు వచ్చేసరికి అది ఉండదు.

తువ్వాలు మీద బూట్లు బాగా తెరిచి, సాక్సులు మడమ దాకా చుట్టి వాటిలో కొంచెం పౌడరు చల్లి ఉంచండి. హెల్మెట్‌ని హ్యాండిల్ మీద బోర్లా కాకుండా వెల్లకిలా, పట్టీలు రెండు పక్కలకు వేలాడేలా పెట్టండి. క్రమం ఎప్పుడూ ఒకటే: ముందు హెల్మెట్ పెట్టి బకిల్ వేయాలి, తర్వాత నంబరు బెల్ట్ (రేసు నంబరు తగిలించిన నడుం పట్టీ), కాళ్లకు అంటిన మట్టిని సీసా నీళ్లతో కడగడం, సాక్సులు, బూట్లు, చివరగా సైకిల్. హెల్మెట్ బకిల్ వేయకుండా సైకిల్ మీద చెయ్యి వేస్తే శిక్ష పడుతుంది. తిరిగి వచ్చాక సైకిల్ స్టాండులో పెట్టేవరకు బకిల్ విప్పకూడదు. మౌంట్ లైన్ దాటాకే ఎక్కాలి, డిస్‌మౌంట్ లైన్‌కి ముందే దిగాలి. అనుభవం లేనివాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఈ మూడు చోట్లే.

బట్టల విషయంలో ఖర్చుకు వెనకాడొద్దు. తడి ఒంటి మీద పొడి టీషర్టు వేసుకోబోతే చంకల దగ్గర చుట్టుకుపోయి ఎటూ కదలదు, రెండు నిమిషాలు పోతాయి. ఈత, సైకిల్, పరుగు మూడింటికీ ఒకటే ట్రైసూట్ వేసుకోండి. సైకిలింగ్ షార్ట్స్‌లోని మందపాటి ప్యాడ్ నీళ్లు పీల్చి బరువెక్కి పరుగులో తొడలు ఒరిసేలా చేస్తుంది, ట్రైసూట్ ప్యాడ్ పల్చగా ఉంటుంది. మహిళలు స్పోర్ట్స్ బ్రా ముందే లోపల వేసుకుని ఈదడం మంచిది, తడి ఒంటి మీద దాన్ని ఎక్కించడం దాదాపు అసాధ్యం. మెడ వెనక, చంకల్లో, తొడల మధ్య వ్యాజలిన్ రాయండి. మీ సమయం కొలిచే చిప్ ఎడమ చీలమండకు కట్టండి, కుడిపక్క చైన్ ఉంటుంది. ఈ మొత్తం తంతుని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, బకెట్ నీళ్లు ఒంటిమీద పోసుకుని, ఐదారుసార్లు చేయండి. మొదటిసారి నాలుగు నిమిషాలు పడితే ఆరోసారికి రెండుకి వస్తుంది. ఇంత తక్కువ శ్రమకు ఇంత సమయం కలిసొచ్చేది ఈ ఆటలో మరొకటి లేదు.

రోడ్ బైక్ కొనకండి. మీ హైబ్రిడ్ చాలు. దానికి గరుకు టైర్లుంటే 28 లేదా 32 మిల్లీమీటర్ల నున్నటి టైర్లు వేయించండి, మీ రిమ్‌కి ఆ సైజు సరిపోతుందో షాపులో అడిగి. సీటు ఎత్తు సరిచూసుకోండి: మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు మోకాలు పూర్తిగా చాపుకోవాలి. అలా పెట్టాక పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, కావలసింది అదే. సీటు తక్కువ ఎత్తులో ఉంటే తొడలు ముందే అలిసిపోయి పరుగులో దెబ్బతీస్తాయి. మీ ఊళ్లో సాధనకి అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల పొడవున తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది. లారీల భయం లేకుండా ఒకే లయలో తొక్కడానికి మంచి చోటు.

గాలి రేసు పొద్దున్నే కొట్టండి. 32 మిల్లీమీటర్ల టైరుకి, 70 కిలోల మనిషికి 60 నుంచి 65 పీఎస్ఐ సరిపోతుంది. టైరు పక్కన ముద్రించిన హద్దు దాటవద్దు. మన రోడ్లకు పెద్ద శత్రువు తుమ్మముల్లు. స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే రెండు లివర్లు, చిన్న పంపు సీటు కింద ఉండాలి, పంపు తల మీ వాల్వుకి పట్టాలి. ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేలితో చుట్టూ తడమండి. ముల్లు ఇంకా అక్కడే ఉంటే కొత్త ట్యూబు కూడా నిమిషంలో పోతుంది. వెనక చక్రం విప్పేముందు చైన్‌ని చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చుకుంటే తీయడం, ఎక్కించడం సులువు. ఇంట్లో మూడుసార్లు సాధన చేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది.

సైకిల్ మీద మొదటి రెండు కిలోమీటర్లు తేలిక గేర్‌లో తొక్కుతూ ఊపిరి దారికి తెచ్చుకోండి. అందుకే స్టాండులో పెట్టేటప్పుడే తేలిక గేర్‌లో ఉంచాలి. లేకపోతే ఎక్కగానే నిలబడి తొక్కాల్సి వస్తుంది, చైన్ జారేది కూడా సరిగ్గా అప్పుడే. తర్వాత పెడల్ నిమిషానికి 80 నుంచి 90 చుట్లు. ముందువాళ్ల వెనక దూరి గాలి తప్పించుకోవడం మామూలు పోటీదారుల రేసుల్లో నిషేధం. స్ప్రింట్‌లో సాధారణంగా 10 మీటర్ల దూరం, దాటడానికి 20 సెకన్లు ఇస్తారు. మీ రేసు నియమాల్లో సంఖ్య చూసుకోండి. మన దగ్గర ఎడమవైపు ఉంటూ కుడినుంచి దాటాలి. ఎంత కష్టపడాలి అన్నదానికి కొలత: రెండు మూడు మాటలు అనగలగాలి, కబుర్లు చెప్పలేకపోవాలి. ఇరవై కిలోమీటర్లలో మీరు బలవంతంగా సంపాదించే రెండు నిమిషాలకు పరుగులో నాలుగు పోతాయి.

కాళ్ల గురించి అడిగారు కదా. సైకిల్ మీద నడుము వంగి, తొడ ముందు కండరాలే ఎక్కువ పని చేస్తాయి. దిగగానే నడుము చాపి, పిక్కలు, తొడ వెనక కండరాలతో దేహం బరువు మోయమంటారు. ఆ మార్పుకి కొన్ని నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా కాళ్లు మనవి కావనిపిస్తుంది. చివరి కిలోమీటరులో ఒక గేర్ తగ్గించి చుట్లు పెంచండి, సీటు మీంచి లేచి పిక్కలు ఒకసారి సాగదీయండి. దిగాక అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా వేయండి. ఇక్కడ వింత ఏమిటంటే, నిదానంగా పోతున్నామనిపిస్తూనే చాలామంది మొదటి కిలోమీటరు తాము అనుకున్న దానికన్నా వేగంగా పరుగెత్తేస్తారు. ఇందాకటి దాకా సైకిల్ వేగం చూసిన కంటికి ఏ పరుగైనా నెమ్మదిగానే తోస్తుంది. వాచ్‌ని నమ్మండి. మీకు మొదటి కిలోమీటరు 6:45, రెండోది నుంచి 6:30, చివరి కిలోమీటరులో మిగిలిందంతా పెట్టండి.

దీనికి మందు ఒక్కటే, సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తే సాధన. నాలుగో వారం నుంచి వారానికి ఒకసారి: మొదట 12 కిలోమీటర్ల సైకిల్, 1.5 పరుగు. ఎనిమిదో వారానికి 20, 3 దాకా తీసుకెళ్లండి. వీటితోపాటు వారంలో ఇంకో సైకిల్ రోజు, ఇంకో పరుగు రోజు, ఒక పూర్తి విశ్రాంతి రోజు చాలు. మీ పరుగు ఇప్పటికే బావుంది, దాన్ని పెంచాలని ఆశపడి ఈతను తగ్గించుకోకండి.

తిండి గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ముందురోజు రాత్రి అన్నం, పప్పు, పెరుగు, నూనె తక్కువ. ఆరింటికి రేసు అయితే మూడున్నరకు మూడు ఇడ్లీలు, పల్లీచట్నీ లేకుండా. కొవ్వు కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది, నీళ్లలో అడ్డంగా పడుకోగానే పైకి తంతుంది. ముప్పావుగంట ముందు ఒక అరటిపండు. సైకిల్ సీసాలో 600 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్ నీళ్లు: లీటరుకు కలపాల్సిన ప్యాకెట్‌ని ముందు లీటరు నీళ్లలోనే కలిపి, అందులోంచి పోసుకోండి. ప్రతి పది నిమిషాలకు రెండు గుక్కలు. రేసు ముందు లీటర్లకొద్దీ తాగడం తప్పు, ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. సాధనలో తినని ఎనర్జీ జెల్లులు ఆ రోజు ముట్టుకోవద్దు.

చివరి పది రోజులు సాధన సగానికి తగ్గించండి, వేగం మాత్రం అలాగే ఉంచండి. మూడు రోజుల ముందు సైకిల్ షాపులో బ్రేకులు, గేర్లు చూపించి, ఆ తర్వాత ఒకసారి పది కిలోమీటర్లు తొక్కి చూసుకోండి, సర్వీసులో వదులుగా ఉండిపోయిన బోల్టు రేసులో బయటపడకూడదు. రేసు అయిపోగానే కూర్చోకండి, పడుకోకండి. పది నిమిషాలు నడవండి, లేకపోతే రక్తమంతా కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. చిప్ తిరిగి ఇచ్చేయండి. సైకిల్ మీది నంబరు స్టిక్కరు, చేతి మీద రాసిన నంబరు చెరిపేయకముందే సైకిల్ బయటికి తెచ్చుకోండి, రెండూ సరిపోలితేనే గేటు దగ్గర వదులుతారు.